పెళ్ళికూతురి కొలత

గౌను భుజాల దగ్గర ఆగిపోయింది. పైకి పోదు, కిందికి రాదు. లోపల ఇరుక్కున్న పెళ్ళికూతురు చేతులు రెండూ పైకెత్తి, తల గుడ్డలో దాగిపోయి, "ఏమైందమ్మాయ్, లాగు ఇంకాస్త! నేనేం పగిలిపోనులే" అని నవ్వుతోంది. లాగుతున్నది పెళ్ళికొడుకు కూతురు. ఆమెకి నవ్వు రావడం లేదు.

పెళ్ళికొడుకంటే నూనూగు మీసాల కుర్రాడు కాదు లెండి. అరవై దాటిన టైలరు మాస్టారు. ఊళ్ళో సగం మంది ఒంటిమీదున్నది ఆయన కుట్టిన బట్టే. పెళ్ళికూతురు ఆయన కొట్టుకి ఎదురుగా బేకరీ నడిపే ఆవిడ. వీధంతా రొట్టెలావిడ అనే పిలుస్తారు. యాభై ఏడేళ్ళొచ్చినా ఆవిడకి ఇదే మొదటి పెళ్ళి. ఇక కూతురంటారా, పుట్టినప్పుడు బొత్తాం అంత ఉందని మాస్టారు 'బొత్తాం' అన్నారు. నలభై దగ్గరపడుతున్నా ఇంకా బొత్తామే.

ఈ గౌనుని మాస్టారు పట్టుబట్టి తనే కత్తిరించి తనే కుట్టారు. బొత్తాన్ని ఆ మిషను దరిదాపులకి రానివ్వలేదు. ఒకసారి ట్రయలు వేయిద్దాం నాన్నా అంటే, "నా కొలతకి ట్రయలేంటే! పుట్టి బుద్ధెరిగాక ఎవరికైనా వేయించానా?" అని కసిరారు. కసిరేసరికి ఊరుకుంది. ఊరుకోకూడదు. ఏడాదిగా ఆయన కత్తెర పెట్టిన ప్రతి గుడ్డనీ వెనకాలే తిరగేసి చూసుకుంటున్న మనిషి ఈ ఒక్కదాన్నీ ఎలా వదిలేసింది? పెళ్ళి బట్టలు కదా, అంత ఇష్టంగా కుడుతున్నాడు కదా, ఇందులో తప్పు పోడులే అనుకుంది. బుద్ధి గడ్డి తినడమంటే ఇదే.

మెల్లిగా గౌనుని ఆవిడ తలమీంచి తీసేసి లోపలి వైపు తిరగేసింది. ఎడమ భుజం దగ్గర వేలికి మెత్తగా ఏదో తగిలింది. దూది ప్యాడు. కుడి భుజం తడిమి చూసింది. లేదు. ఎడమ పక్క ఒక్కదానికే ఉంది.

ఆ ప్యాడు ఎవరిదో బొత్తానికి చిన్నప్పట్నుంచీ తెలుసు. వాళ్ళమ్మది ఎడమచేతి వాటం. కొట్లో ఇస్త్రీ అంతా ఆవిడే చేసేది. ఆ బరువు పెట్టె ఏళ్ళ తరబడి తిప్పి తిప్పి ఎడమ భుజం కిందికి జారింది. ఆ సంగతి పరాయి కంటికి తెలియకుండా మాస్టారు ఆవిడ ప్రతి గౌనుకీ ఆ పక్కన చిన్న ప్యాడు పెట్టేవారు. మూరెడు గుడ్డలో కూడా ఆ భుజాన్ని కాపాడుకున్నారు పాపం. ఛాతీ, నడుము, చేతి పొడుగు, బొత్తాం వేళ్ళతో జానలేసి చూసుకుంది. అన్నీ అమ్మవే. పోయి ఆరేళ్ళయిన మనిషికి ఆయన కొత్త గౌను కుట్టారు!

"ఏంటమ్మాయ్, అలా నిలబడిపోయావ్? మీ నాన్న నన్ను సన్నజాజి తీగననుకున్నారా?" అంది రొట్టెలావిడ, శాలువా కప్పుకుని కుర్చీలో కూలబడుతూ.

"కాస్త బిగుతైంది. విప్పి కుట్టేస్తా, ఎంతసేపు!" అంది బొత్తాం. ఆ గొంతు తనదేనా అని తనకే అనుమానం వచ్చింది.

అది రిజిస్ట్రారు ఆఫీసులో పక్క గది. విరిగిన కుర్చీలూ, రెక్కలు ఊడిన ఫ్యానూ, గోడకి చేరేసిన పాత బోర్డులూ, వాటి మధ్యే పెళ్ళికూతుళ్ళు ముస్తాబవ్వాలి. తలుపు సందులోంచి హాలు కనబడుతోంది. వీళ్ళ ముందు ఇంకా రెండు జంటలున్నాయి. బొత్తాం సంచీలో సూదీ దారం కత్తెరా ఎప్పుడూ ఉంటాయి. నేలమీద చతికిలబడి పక్క కుట్లు విప్పడం మొదలెట్టింది.

చేతులు విప్పుతున్నాయి గానీ మనసు ఊరుకుంటుందా? ఏడాది కిందట ఒక కోటుకి మాస్టారు రెండూ ఎడమ చేతులే కత్తిరించారు. తండ్రీ కూతుళ్ళిద్దరూ పడీ పడీ నవ్వుకున్నారు ఆ రోజు. తరవాత లావాటి పోస్ట్‌మాస్టరు ప్యాంటు ఆయన కొడుకు కొలతకి తయారైంది. అప్పుడు నవ్వు రాలేదు. కత్తెర బియ్యం డబ్బాలో దొరికింది. తెలిసిన వీధిలో దారి తప్పి, ఎవరో చెయ్యి పట్టుకుని తీసుకొస్తే, "గాలి మార్పుకి అటెళ్ళాలే" అన్నారు. అప్పట్నుంచీ ఆయన పడుకున్నాక అన్నీ విప్పి తిరిగి కత్తిరించడం, దొరికిపోతే "నేనే తప్పు కోశానండీ" అని తలొంచుకోవడం బొత్తానికి అలవాటైపోయింది. తండ్రి చేతిలో ఉన్న పనితనం కూతురికి అంటలేదని ఊరంతా అనుకుంటోంది. అనుకోనీ! ఆయన పేరు నిలబడితే చాలనుకుంది పిచ్చిది.

అంత ప్రేమున్నది ఈ పెళ్ళి ఎందుకు జరిపిస్తోందని అడుగుతారేమో. అక్కడే ఉంది అసలు మెలిక. బొత్తానికి ఒక మొగుడున్నాడు. మంచివాడే. ఉద్యోగం వేరే ఊరికి మారితే అతను వెళ్ళాడు, ఈమె వెళ్ళలేదు. నాన్నకి ఒక తోడు దొరికేదాకా అంది. ఆ 'దాకా' సాగి సాగి అతని ఓపిక తెగింది. మొన్న ఫోనులో అరవలేదు, తిట్టలేదు. "పెళ్ళయ్యాక ఆ సాయంత్రం రైలుకి రా. రాకపోతే ఇక రానక్కర్లేదు" అన్నాడంతే. తిట్టినా బాగుండేది. హాల్లో బెంచీ పక్కన బొత్తాం పెట్టె సిద్ధంగా ఉంది. ఈ పెళ్ళి జరిగితే ఆమెకి కాపురముంది. ఆగితే లేదు.

మరి రొట్టెలావిడ సంగతో? సంబంధం మాట్లాడుకున్న రోజునే ఆవిడ బొత్తాన్ని బేకరీ వెనక్కి తీసుకెళ్ళి, పిండి చేతులు తుడుచుకుంటూ ఉన్నదున్నట్టు చెప్పింది. "చూడమ్మాయ్, మా అమ్మ మంచంలో పడి, కన్నకూతుర్ని నన్నే దొంగ దొంగ అని అరుస్తూ పోయింది. నా వయసంతా ఆ మంచం పక్కనే అయిపోయింది. చేసిన చాకిరీ చాలు. నాకిక మాట్లాడుకోడానికి మనిషి కావాలి గానీ చూసుకోడానికి రోగి అక్కర్లేదు. మీ నాన్న ఆరోగ్యంగా ఉన్నాడు కదా?" బొత్తాం తలూపింది. నోటితో అబద్ధం చెప్పలేదు కదా అని ఇన్నాళ్ళూ మనసుకి సర్ది చెప్పుకుంటోంది.

పక్క కుట్లలో లోపల బోలెడు గుడ్డ వదిలి ఉంది. బొత్తానికి ప్రాణం లేచొచ్చింది. మాస్టారు ఎప్పుడూ అంతే, మనిషన్నాక ఒకలాగే ఉండడు, రేపటికి కాస్త చోటు వదలాలి అంటారు. ఆ చోటంతా వాడేసినా ఛాతీ దగ్గర సరిపోలేదు. నడుము పట్టీ కోసి, చంకల కింద చెరో ముక్కా అతకడానికి కూర్చుంది. ఎడమ భుజం ప్యాడుని పుటుక్కున తెంపి, కనబడకుండా గుప్పిట్లోంచి జేబులో వేసుకుంది.

రొట్టెలావిడ మాత్రం హుషారుగా ఉంది. "ఇంతకీ ఎలా తప్పు పోయిందంటావ్? నన్ను మూడుసార్లు కొలిచారే మీ నాన్న!"

బొత్తాం సూది ఆగింది. "మూడుసార్లా?"

"అవును మరి! ఒకసారి కొలిచి వెళ్ళారా, ఓ వారం పోయాక టేపు పట్టుకుని మళ్ళీ వచ్చారు. 'కొలతలు తీసుకోవాలి కదా' అంటూ, అసలు మొదటిసారే రాలేదన్నట్టు! మొహంలో ఎంత అమాయకత్వమో! ఆ తరవాత ఇంకోసారి. గడుసు మనిషి. దగ్గరికి రావడానికి అదో వంక అని నాకు తెలీదా?" ఆవిడ బుగ్గలు ఎర్రబడ్డాయి. "సిగ్గు విడిచి చెప్తున్నా, ఎవరికీ చెప్పకు. నన్ను అలా తాకినవాళ్ళు లేరమ్మాయ్. ఆయన టేపు చుడుతుంటే మూడుసార్లూ కళ్ళు మూసుకున్నా. ఆయనేదో అంకె చెప్పి 'ఊ, అను' అనేవారు, నేను అదే అనేదాన్ని. నాకు కిలోల లెక్కే గానీ ఆ టేపు లెక్కలేం తెలుసు?"

ఆ మాట ఆ కొట్టు పద్ధతి. కొలిచేవాళ్ళు అంకె పైకి చెబితే రాసేవాళ్ళు అదే అంకె తిరిగి పైకి అనాలి. అంటేగానీ మాస్టారు టేపు కదపరు. పూర్వం రాసేది బొత్తాం తల్లి, ఆ తరవాత బొత్తాం. పాపం ఈవిడ కళ్ళు మూసుకుని, చచ్చిపోయినావిడ కొలతలన్నీ తన నోటితో తనే ఒప్పచెప్పింది!

బొత్తాం సూది పక్కన పెట్టింది. చెప్పేయాలి. ఇప్పుడే చెప్పేయాలి. ముద్దూ మురిపెం అనుకుంటోందే ఈవిడ, అది రోగమని చెప్పడానికి నోరెలా వస్తుంది? చెప్పకపోతే ఇంత మంచి మనిషి గొంతు కోసినట్టే. చెబితే తన గొంతు. ముందు చూస్తే నుయ్యి, వెనక చూస్తే గొయ్యి.

అంతలో రొట్టెలావిడ గొంతు తగ్గించింది. "అమ్మాయ్, ఒక్క మాట. నిన్న ఆయన నన్ను 'ఇస్త్రీ అయిందా' అని అడిగారు. నేను రొట్టెలు కాలుస్తుంటే. నవ్వేశా గానీ రాత్రంతా కునుకు లేదు. మా అమ్మకి కూడా అలాగే చిన్న చిన్న వాటితోనే మొదలైంది. నువ్వు ఇరవై నాలుగ్గంటలూ ఆయనతో ఉండేదానివి. నిజం చెప్పు. అలాంటిదేమైనా ఉందా?"

ఇంత సూటిగా అడిగాక ఇక తలూపి తప్పించుకునే దారి లేదు. హాల్లోంచి గుమస్తా కేక వినబడింది, ముందు జంట లోపలికి వెళ్ళింది. తరవాత వీళ్ళే. బొత్తాం తలొంచుకుని దారం పంటితో కొరికింది.

"పెళ్ళి కంగారండీ. అంతే" అంది.

"అంతేనా?"

"అంతే."

రొట్టెలావిడ గుండెలమీద చెయ్యేసుకుని హమ్మయ్య అనుకుంది. "బతికించావ్. నువ్వు చెప్పావంటే ఇక నాకు దిగుల్లేదు. ఇవాళైనా ఆ అండీ మానేసి పిన్నీ అనవే."

బొత్తాం ఆ మాట వినబడనట్టు గౌను దులిపింది. ఈసారి గౌను చక్కగా దిగింది.

హాల్లో బొత్తాం మేనత్త కాచుకుని ఉంది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. "అన్నయ్యకి నేను పెద్దరికం చేసి పెళ్ళి చేయాల్సొచ్చింది, చూశావా నా రాత! పళ్ళు ఊడే వయసులో పప్పన్నం! ఆ పెట్టేంటే బొత్తాం? పెళ్ళికెళుతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు! తండ్రి పెళ్ళి చూసి ఆ కాలితోనే మొగుడి దగ్గరికి పరిగెడతావా? పోనీలే, వెళ్ళు తల్లీ, నీకూ ఓ బతుకుంది." ఆ చివరి ముక్క మాత్రం మెత్తగా అంది.

మాస్టారు కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. నల్లకోటు, నిగనిగలాడే బూట్లు, కాలరు కింద అలవాటుగా వేలాడే టేపు. పెళ్ళి రోజున కూడా తియ్యలేదది. ఇప్పటికీ కళ్ళజోడు లేకుండా సూదిలో దారం ఎక్కిస్తారు, చూపులో ఏ లోటూ లేదు. రొట్టెలావిడని చూడగానే ఆయన మొహం విప్పారింది. "ఎంత బాగున్నావు!" అన్నారు. పిలుపు రాగానే లోపలికి నడిచి, రిజిస్ట్రారు అడిగినదానికల్లా టక్కుటక్కున జవాబులు చెప్పి, ముత్యాల్లాంటి అక్షరాలతో సంతకం పెట్టారు. సాక్షి సంతకం బొత్తాం చేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. మేనత్త ముక్కు చీదుకుంది.

అయిపోయింది. గట్టెక్కింది. బొత్తాం బెంచీ పక్కనున్న పెట్టె తీసుకుని వరండాలోకొచ్చింది. రైలెక్కాక ఏడుద్దాం, ఇప్పుడొద్దు అనుకుంది.

వెనకనుంచి మాస్టారు వచ్చి ఆ పెట్టె మీద చెయ్యేశారు. "ఇటివ్వు, నేను మోస్తా. పద బొత్తాం, ఇంటికెళదాం. మీ అమ్మ ఎదురుచూస్తుంటుంది."

"నాన్నా..."

"పెళ్ళి బాగా జరిగింది. మంచివాళ్ళలాగే ఉన్నారు పాపం" అని ఆయన ఆమె చెవి దగ్గర గొంతు తగ్గించారు. ఆయన గొంతు తగ్గించడమంటే వీధి చివరికి వినబడుతుంది. "పెళ్ళికూతురి గౌను చూశావా? పనివాడు చేయి తిరిగినవాడే. కానీ కొలత తప్పాడు. తరవాత ఎవరో చంకల కింద అతుకేశారు. ఆ అతుకు నీ చేతి కుట్టులాగే ఉంది సుమా!"

రొట్టెలావిడ రెండడుగుల దూరంలో ఉంది. లోపల ఆయన మరిచిపోయిన గొడుగు ఆవిడ చేతిలో ఉంది. ఆవిడ మొహంలో రక్తం ఇంకిపోయింది. మేనత్త నోరు తెరిచింది, జన్మలో మొదటిసారి మాట రాలేదు. బొత్తాం తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది.

"నువ్వు అంతే అన్నావు" అంది రొట్టెలావిడ. "రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ అంతే అన్నావు."

"పిన్నీ..."

"ఇప్పుడొచ్చిందా నోటికి ఆ పిలుపు?"

ఆవిడ గొడుగు గోడకి చేరేసి మాస్టారి ఎదురుగా వచ్చి నిలబడింది. కొట్టేస్తుందేమో అనుకుంది బొత్తాం. కొట్టినా బాగుండు. ఆవిడ చేతులు రెండూ పక్కలకి ఎత్తింది. "కొలత తప్పిందన్నారుగా. మీరు తియ్యండి మాస్టారూ, సరిగ్గా తియ్యండి" అంది.

పని అనేసరికి ఆయన ఒళ్ళు నిటారైంది. కాలరు కిందనుంచి టేపు సర్రున లాగారు. "రాసుకో బొత్తాం" అన్నారు. చేతులు ఎంత నమ్మకంగా కదిలాయి! వీపు వెనకనుంచి టేపు తిప్పి, ఛాతీ ముందుకి తెచ్చి, రెండు వేళ్ళతో పట్టుకుని, బొటనవేలు అంకె మీద ఆనించారు.

"ముప్పై నాలుగు" అన్నారు.

బొటనవేలు నలభై రెండు మీద ఉంది. రొట్టెలావిడ తలొంచి చూసింది. చూసి, నెమ్మదిగా తలెత్తి బొత్తాం వైపు చూసింది.

"ఊ, అను" అన్నారు మాస్టారు. ఆ అంకె తిరిగి వినబడితే గానీ ఆయన టేపు కదపరు. "ఏమే, వినబడలా? ముప్పై నాలుగు."

ఏడాదిగా ఆయన ఏ తప్పు చేసినా ఆమె నోరెత్తలేదు. ఇప్పుడూ ముప్పై నాలుగు అనేయొచ్చు. అంటే ఆయన మొహం మీద ఆ ధీమా అలాగే ఉంటుంది. అవతల రైలు టైమవుతోంది.

"నలభై రెండు, నాన్నా" అంది బొత్తాం. అంటూనే భోరుమంది. "నలభై రెండు. ముప్పై నాలుగు అమ్మది. అమ్మ లేదు నాన్నా, ఆరేళ్ళయింది. ఇవాళ నీ పెళ్ళి. ఈవిడకి నేనే చెప్పలేదు. అన్నీ తెలిసీ చెప్పలేదు."

మాస్టారు బొటనవేలి వంక చూసుకున్నారు. పక్కకి జరిపి కింద అంకె చూశారు. మళ్ళీ పెట్టారు, మళ్ళీ జరిపారు. అంత పొడుగు మనిషీ ఆ టేపు పట్టుకుని చిన్నపిల్లాడిలా దిక్కులు చూడటం బొత్తాం ఎన్నడూ చూడలేదు. ఈ చూపు చూడకూడదనే కదా ఏడాదంతా అన్ని బట్టలూ విప్పి కుట్టింది.

రొట్టెలావిడ కళ్ళవెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఎత్తిన చేతులు మాత్రం దించలేదు. "నీ పెట్టె కింద పెట్టమ్మాయ్" అంది బొత్తాం వైపు చూడకుండా. "రైలెక్కుతావో మానతావో తరవాత. నీతో నాకు చాలా ఉంది మాట్లాడాల్సింది." ఆ తరవాత ఆయనతో, "నడుము కొలవండి. ఈసారి నేను కళ్ళు మూసుకోను" అంది.

ఆయన టేపుని నడుముకి దించి చుట్టారు. కొసలు దగ్గరికి తెచ్చారు. బొటనవేలు ఆనించి అంకె మీదికి వంగారు.

"నువ్వు చదివి చెప్పవే బొత్తాం" అన్నారు చివరికి. "నేను తిరిగి అంటా. నాకు అంకెలు ఆనడం లేదు."